నేరేడు జంక్షన్‌లో సిమెంటు పనస

కాశీబుగ్గలోగానీ పలాసలోగానీ ఒంటికాలి మీద నిలబడ్డ సిమెంటు కొంగ కనిపించిందంటే, దాన్ని చేసింది జీవరత్నమే. కల్యాణమండపం గుమ్మంలో తొండమెత్తిన ఏనుగులు, పెట్రోలు బంకు పక్కన బెదురుచూపుల జింకపిల్ల, బడి ఆవరణలో నోరు తెరుచుకుని చెత్త అడిగే పెంగ్విన్లు, సమాధుల తోటలో రెక్కలు ముడుచుకున్న దేవదూతలు, అన్నీ అతని తాపీ కింద పుట్టినవే. పెంగ్విన్‌ని అతను ఎన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే దేవదూతనీ చూడలేదు. చూసినవాటి కంటే చూడనివి చెయ్యడమే సులువని అతని అనుభవం. వంక పెట్టడానికి ఎదటివాడూ చూసి ఉండడు కదా.

ఇన్ని చేసినా ఒక్కదాని మీదా అతని పేరు లేదు. ఏనుగు పొట్ట మీద కల్యాణమండపం కట్టించినాయన పేరు, ఆయన తండ్రి పేరు, తండ్రికి తండ్రి పేరు ఉన్నాయి. పెంగ్విన్ల వీపున ఎవరో బంగారుకొట్టు వాళ్ళ పేరుంది. దేవదూత పాదాల దగ్గర చనిపోయినవాళ్ళ పేరు ఉంటుంది, దానికి జీవరత్నం కూడా అడ్డు చెప్పడు. చర్చిలో జరిగినదాన్ని మాత్రం అతను మరిచిపోలేకపోయాడు. వాళ్ళది బాప్టిస్టు సంఘం. బాప్తిస్మపు తొట్టి వెనక గోడ మీద యొర్దాను నది వెయ్యమంటే ప్రాణం పెట్టి వేశాడు. ఒడ్డున కొబ్బరిచెట్లు, జీడితోట, వెనకాల మహేంద్రగిరి. పాస్టరు గారు చూసి నోరు వెళ్ళబెట్టారు.

“యొర్దాను ఒడ్డున కొబ్బరిచెట్లు ఉండవయ్యా రత్నం.”

“మునిగి తేలినోలు కళ్ళిప్పగానే మనూరు అగుపడకపోతే బెంగెట్టుకోరేటండి?” అన్నాడు జీవరత్నం.

పాస్టరు గారు మంచివారు, కొబ్బరిచెట్లు ఉండనిచ్చారు. తర్వాతి ఆదివారానికి నది కింద ఓ పలక వెలిసింది. రంగు డబ్బాలు కొనిచ్చిన కుటుంబం పేరు అందులో ఉంది, రంగు వేసినవాడి పేరు లేదు. ఆ రోజు అతను ఒక్క కీర్తన కూడా గొంతెత్తి పాడలేదు.

“దేవుడు ఇంత లోకం సేసినాడు. ఏ కొండ మీదయినా పేరు రాసుకున్నాడేటి?” అంది అతని భార్య దోర్కాస్, ఇంటికొస్తూ.

“దేవుడికి పోటీ లేదు. నాకున్నాది,” అన్నాడు.

పోటీ ఎవరో చెప్పలేదు. ఊళ్ళో ఆ పని చేసేవాడు అతనొక్కడే. కానీ ‘శిల్పి జీవరత్నం’ అని ఎక్కడో ఒకచోట రాయి మీద చెక్కి ఉండాలని, తను పోయాక కూడా నలుగురూ దారిన పోతూ ఆ పేరు చదవాలని అతనికి ఎంత ఆశ ఉండేదంటే, తాపీమేస్త్రీ అని పిలిచినవాడితో ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు.

అతని పనిలో ఒక పట్టింపు ఉండేది. బొమ్మ లోపల ఇనుప చువ్వ పెట్టడు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి చువ్వ తుప్పు పట్టి, లోపలే ఉబ్బి, సిమెంటుని పగలగొట్టేస్తుంది. ఆ చుట్టుపక్కల వేరేచోటి వాళ్ళు వచ్చి చేసి వెళ్ళిన జింకలన్నీ మోకాళ్ళు విరిగి కూలబడింది అందుకే. జీవరత్నం ఎండిన కర్ర నిలబెట్టి, దానికి కోళ్ళగూటి జాలీ చుట్టి, పైన సిమెంటు మెత్తుతాడు. తిత్లీ తుఫానుకి ఉద్దానం తోటలన్నీ నేలకొరిగాక అతనికి కర్రకి కొదవ లేకపోయింది. పడిపోయిన కొబ్బరిమానుల్ని ఏరి తెచ్చి, వాటినే పార్కుల్లో సిమెంటు కొబ్బరిచెట్లుగా నిలబెట్టాడు. తోటలు పోయిన రైతులు బస్సు ఆలస్యమైతే ఆ పార్కుల్లో కూర్చుని వాటికేసి చూసేవారు. “నా సెట్టు లోపల సెట్టే ఉంటాది,” అని అతను వాళ్ళకి గొప్పగా చెప్పేవాడు. వాళ్ళు బస్సు వస్తోందేమోనని రోడ్డుకేసి తిరిగేవారు.

ఇక నేరేడు జంక్షన్ సంగతి. కాశీబుగ్గ నుంచి మందస వెళ్ళే దారిలో ఉంటుంది. అక్కడ నేరేడు చెట్టు లేదు. ఉండేది. పట్టణ సుందరీకరణ సంఘం వాళ్ళు కొట్టించేశారు. ఎందుకయ్యా అంటే, చెట్టు అడ్డమై జంక్షన్ అందం కనపడడం లేదన్నారు. చెట్టు పోయాక చూస్తే, అక్కడ కనపడడానికి దుమ్ము తప్ప ఏమీ లేదు. మరి అందం ఎక్కడినుంచో తేవాలి కదా. సంఘం అధ్యక్షుడు ఢిల్లీబాబు జీవరత్నానికి కబురు పెట్టాడు.

ఢిల్లీబాబు జీడిపప్పు వ్యాపారి. తెల్లచొక్కా నలగకుండా ఎన్ని సంఘాలకైనా అధ్యక్షుడుగా ఉండగలడు. ఈమధ్య విశాఖపట్నం వెళ్ళొచ్చి, అక్కడ బీచి రోడ్డులో ఏదో చూసి వచ్చాడు. అప్పటినుంచి మనిషి నిలకడగా లేడు.

“రత్నం, ఇప్పుడు ఎక్కడ సూడు, ఇదే మాట. నగరం, ప్రకృతి. ఈ రెండింటికీ ఉన్న సమ్మందాన్ని కళలో సూపించాల. పెద్ద పెద్ద ఊళ్ళన్నీ సూపించేసినాయి. మనమే ఎనకబడిపోనాం.”

“ఏటి సమ్మందం బాబూ?”

“అది నువ్వు సూపించాల. నానెలా సెప్తాను?”

చివరికి తేలిందేమిటంటే, జంక్షన్ నడిమధ్య పెద్ద సిమెంటు పనస చెట్టు నిలబెట్టాలి. నిజం చెట్టంత ఎత్తు, మొదలు నుంచి కొమ్మల దాకా కాయలు. దానికి జీడిపళ్ళు కూడా వేలాడాలన్నాడు ఢిల్లీబాబు. తన వ్యాపారం అదే కాబట్టి అందులో తప్పు పట్టడానికి లేదు. కోశాధికారిది కొబ్బరి మండీ. ఆయన చిన్నబుచ్చుకుంటాడని నెత్తిన ఓ కొబ్బరి గెల కూడా పెట్టమన్నారు.

“మూడూ ఒకే సెట్టుకి కాత్తాయేటి బాబూ?”

“కళలో కాత్తాయి.”

జీవరత్నం తల గోక్కున్నాడు. ఒప్పుకోవాలనే ఉంది. అయినా ఈసారి గట్టిగా నిలబడి ఒక మాట అడిగేశాడు. “బాబూ, రాయి మీద నా పేరుండాల. శిల్పి అనీసి.”

“ఓస్, అదెంత,” అన్నాడు ఢిల్లీబాబు. జీవరత్నానికి ఆ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొబ్బరిచెట్టయితే ఒక్క మాను చాలు. పనసకి కొమ్మలు చీలిన మాను కావాలి. తుఫాను కర్ర ఎప్పుడో పొయ్యిల్లోకి పోయింది. ప్రారంభం జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి పెట్టేశారు, అప్పటికే మే నెల ఎండలు మండిపోతున్నాయి. జీవరత్నం ఆలోచించి ఆలోచించి, టేపు జేబులో వేసుకుని, దోర్కాస్ వెంట ఆమె తోటకి బయల్దేరాడు.

మందస దాటాక ఉద్దానంలో ఆమెకి తండ్రి ఇచ్చిపోయిన చిన్న తోట ఉంది. తండ్రి జాకబ్ పోయి చాలా కాలమైంది. ఆయన వేసిన జీడి తుఫానుకి పోయింది, కొబ్బరి పోయింది, పనస చెట్టు ఒక్కటే కాస్త ఒంగి నిలబడిపోయింది. ఏటా ఎండల్లో దోర్కాస్ బస్సెక్కి వెళ్ళి కాయలు దింపుకొస్తుంది. మొగుడు కూడా వస్తానంటే ఆమె ముందు సంతోషించింది. తోటలోకి వెళ్ళగానే అతను చెట్టు చుట్టూ టేపు తిప్పడం చూసి సంగతి గ్రహించింది.

“ఏటి మావా, కొలతలు తీత్తన్నావు? సెట్టుకి సొక్కా కుట్టిత్తావేటి?”

“అది కాదే. ఇది ఇక్కడ ఎన్నాళ్ళుంటాది సెప్పు? ఇంకో తుపానొత్తే పోతాది. నా సేతిలో పడితే ఎప్పటికీ ఉండిపోతాది. జంక్షన్లో నిలబెడతాను. మీ అయ్య పెంచిన సెట్టు ఊరంతా సూత్తారు.”

“సంపి, పైన బొమ్మెడతానంటావు.”

“కళంటే నీకేటి తెలుసు?”

దోర్కాస్ చెట్టు మొదట్లో చతికిలబడి, చేతికి నూనె రాసుకుని, పండిన పనసకాయ ఒకటి కోసి తొనలు వలవడం మొదలుపెట్టింది. ఆ కాయ అయ్యాక ఇంకోటి తీసింది. ఆమె లేస్తే గానీ గొడ్డలి వెయ్యడానికి లేదు, ఆమె లేచేటట్టు లేదు. ఎండ నెత్తికెక్కింది. జీవరత్నం బతిమాలాడు, అలిగాడు, తన పేరు రాయి మీద పడే అదృష్టం పెళ్ళామే చెడగొడుతోందని వాపోయాడు. ఆఖరుకి ఆమెకే జాలేసింది.

“అదిగో, కంచె మూలన గుంపెన ఉన్నాది. మా అయ్య కంచెకని పాతిన కర్ర, అంత మానైపోనాది. పంగలు బాగా సీలున్నాయి. అది కొట్టుకో.”

జీవరత్నం వెళ్ళి చూశాడు. గుంపెన చెట్టుకి ఒక్క ఆకు లేదు. బూడిదరంగు కొమ్మలు ఆకాశంలోకి చాచుకుని ఉన్నాయి. వేలి కణుపులతో మానుని తట్టాడు. చెవి పెట్టి విన్నాడు.

“ఎండిపోనాది,” అన్నాడు తృప్తిగా.

“నువ్వే సెప్పాల మరి,” అని దోర్కాస్ తొన నోట్లో వేసుకుంది.

ఆ మాను లారీలో జంక్షన్‌కి వచ్చింది. లోతుగా గొయ్యి తీసి పాతారు. జాలీ చుట్టి, సిమెంటు మెత్తి, పాత దువ్వెనతో గీరి బెరడు తెప్పించాడు జీవరత్నం. కాయల మీద ముళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తీర్చాడు. ఆకులు మాత్రం కుదరలేదు. పచ్చరంగు వేసిన సిమెంటు ముద్దలు కొమ్మల చివర్ల పెడితే కాలీఫ్లవర్ పువ్వుల్లా తేలాయి. చుట్టూ నేల కనపడకుండా రంగుల టైల్సు పరిచారు. పని జరిగినన్నాళ్ళూ అతను అన్నం దగ్గర కూడా తాపీ వదల్లేదంటే నమ్మాలి.

పర్యావరణ దినోత్సవం నాడు ముఖ్య అతిథి వచ్చారు. చెట్టు నీడ ఇవ్వదు కాబట్టి చెట్టు పక్కనే షామియానా వేశారు. అతిథి ప్రసంగం అందరికీ నచ్చింది. ఈ చెట్టు తుఫానుకి పడదు, ఆకు రాల్చి రోడ్డు పాడుచెయ్యదు, నీళ్ళు అడగదు, కాకుల్ని చేరనివ్వదు, ఇలాంటి చెట్లు ఊరూరా రావాలి అన్నారు. చివర్న నల్లరాతి ఫలకం మీది పరదా లాగారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ అయ్యాక, అడుగున, టైల్సుకి ఆనుకుని, చిన్న అక్షరాల్లో ‘శిల్పి: జీవరత్నం’ అని ఉంది.

జనం వెళ్ళిపోయాక అతను గొంతుక్కూర్చుని ఆ అక్షరాల్ని వేలితో తడిమాడు. మర్నాడు దోర్కాస్‌ని తీసుకొచ్చి చూపించాడు. ఆమె కూడా ఒంగి చదివి, “బాగున్నాది మావా,” అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది. చెట్టుకేసి మాత్రం తలెత్తలేదు.

వానలు పడ్డాయి. రెండు వానలు గట్టిగా పడేసరికి, సిమెంటు బెరడు సందులోంచి ఎర్రని చిగురొకటి తల బయటపెట్టింది. జీవరత్నం గాలికి ఏదో ఆకు అతుక్కుందనుకుని పీకి పారేశాడు. మూడోనాటికి ఆ చోటే కాకుండా, పనసకాయ పక్కన ఒకటి, జీడిపండు వెనక ఒకటి, కాలీఫ్లవర్‌లోంచి గుత్తిగా ఇంకొన్ని వచ్చాయి. జీవరత్నం పరుగున ఇంటికి పోయి దోర్కాస్‌తో చెప్పాడు.

దోర్కాస్ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. “గుంపెన ఎండల్లో ఆకు రాల్చేత్తాది, వానకి సిగురేత్తాది. నరికి ఎక్కడ పాతితే అక్కడే బతికేత్తాది. అందుకే కదా కంచెలకి పాతుతారు. ఉద్దానంలో పుట్టినోడివి, తెలీదేటి?”

తెలుసు. చిన్నప్పుడు ఆ కంచెల మధ్యే ఆడుకున్నాడు. పట్నంలో ఇన్నేళ్ళు సిమెంటు మెత్తీ మెత్తీ ఆ సంగతి ఎప్పుడు మరిచిపోయాడో అతనికే తెలియదు.

“మరి ఆ రోజు సెప్పలేదేటి?”

“కళంటే నాకేటి తెలుసు?” అంది దోర్కాస్.

ఢిల్లీబాబు కారు ఆపి చెట్టు చూసి మండిపడ్డాడు. “ఇదేటి రత్నం, ఆకులొత్తన్నాయి? నిజం సెట్టే కావాలంటే నేరేడునే ఉంచుకుందుం కదా? మళ్ళీ ఒక్కాకు అగుపడిందంటే రాయి మీద నీ పేరు గీకించేత్తాను.”

పేరు ఊసెత్తేసరికి జీవరత్నం తల ఊపేశాడు. మర్నాటినుంచి తెల్లారగానే నిచ్చెన, కొడవలి, గోనెసంచి పట్టుకుని జంక్షన్‌కి పోయేవాడు. చెట్టెక్కి చిగుళ్ళన్నీ కోసి, సంచిలో కుక్కి, దిగి పెయింటు డబ్బాతో పగుళ్ళకి రంగు పూసేవాడు. కోసినకొద్దీ గుంపెనకి హుషారెక్కింది. ఒకటి కోసినచోట గుత్తి వచ్చేది. మార్కెట్టుకి కూరగాయలు తెచ్చేవాళ్ళు ఆగి చూసేవారు.

“ఏటి రత్నం మావా, సెట్టుకి ఆకులు పీకేత్తన్నావు?”

“మరి సెట్టులాగ అగుపడాల కదరా!” అని పైనుంచి అరిచేవాడు.

అంత ఒళ్ళు మండి ఉన్న మనిషికి తను ఏమన్నాడో వినిపించలేదు గానీ, కిందవాళ్ళకి వినిపించింది. ఆ మాట ఊరంతా తిరిగింది. దారిన పోయే ఆటోవాళ్ళు కూడా కేకేసి మరీ అడిగేవారు. అతనికి మోకాళ్ళు నొప్పులు పట్టాయి. అయినా మానలేదు. దిగినప్పుడల్లా ఒంగి, అడుగున తన పేరు ఉందో లేదో చూసుకుని ఇంటికి పోయేవాడు.

ఇలా ఉండగా విశాఖపట్నం నుంచి సుప్రజ అనే ఆవిడ వచ్చింది. ఊళ్ళల్లో బహిరంగ కళ మీద పరిశోధన చేస్తోంది. మెడలో కెమెరా, కాళ్ళకి కాన్వాసు బూట్లు. అంతకుముందు నాలుగు రోజులు జ్వరంతో జీవరత్నం జంక్షన్‌కి రాలేదు, చెట్టు ఆకులతో కళకళలాడిపోతోంది. ఢిల్లీబాబు ఆవిడకి అడ్డంగా నిలబడి చెట్టు కనపడకుండా చెయ్యాలని చూశాడు. ఆవిడ ఆయన్ని పక్కకి తప్పించి, చెట్టు చుట్టూ మౌనంగా తిరిగి, కళ్ళు చెమర్చి నిలబడిపోయింది.

“అద్భుతం. నగరం ప్రకృతి మీద కాంక్రీటు కవచం కప్పింది. ప్రకృతి దాన్ని లోపల్నించి చీల్చుకుని వస్తోంది. ఇది పగులు కాదు, ఒక సంభాషణ. ఈ మూడు రకాల కాయలు ఒకే చెట్టుకి ఉండడం మన మార్కెట్ వ్యవస్థ మీద ఎంత పదునైన వ్యంగ్యం!”

కోశాధికారి కొబ్బరి గెల వైపు బెరుగ్గా చూశాడు.

“ఇదంతా మీరు ముందే ఊహించి చేశారా?” అని ఆవిడ జీవరత్నాన్ని అడిగింది. జ్వరం తగ్గి ఆ పూటే వచ్చి, నీరసంలో గోడకి ఆనుకుని ఉన్న అతనికి, ఇంతకాలం ఎదురుచూసిన పిలుపు వచ్చినట్టయింది.

“ఊహించే సేసినానండి,” అన్నాడు. అబద్ధమాడాడు. నేనైతే తప్పు పట్టను.

“ఆలోసన నాదేనమ్మా,” అని ఢిల్లీబాబు ముందుకొచ్చాడు. “లోపల పచ్చి కర్ర పెట్టమని నానే సెప్పినాను. ఈ రత్నం మా దగ్గిర సేతిపని మనిషి.”

అక్కణ్ణించి కథ అడ్డం తిరిగింది. చిగురు ముట్టుకుంటే ఊరుకోమని సంఘం బోర్డు పెట్టింది. సుప్రజ ఏవో పత్రికల్లో రాసింది, ఫొటోలు అచ్చయ్యాయి. కొత్త ఫలకం వేశారు. ‘భావన: ఢిల్లీబాబు. కళా మార్గదర్శనం: సుప్రజ. సహకారం: స్థానిక పనివారు.’ పాత ఫలకం మంచి రాయి, పారేస్తే దండగని పక్కనే మురుగుకాలవ మీద పలకలా వేశారు, అక్షరాలు కిందికి.

జీవరత్నం ఆ పలక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దాని మీంచి జనం టీకొట్టుకి దాటుతున్నారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దోర్కాస్ ఎత్తిపొడవలేదు. దాచిన పనసపిక్కలు తీసి కూర వండి, పక్కన కూర్చుని, తినేదాకా లేవలేదు. అంత పెద్ద మనిషి పళ్ళెంలోకి చూస్తూ ఏడిస్తే చూడలేక ఆమెకీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫిబ్రవరిలో నాలుగైదు నగరాల నుంచి కళాకారులు చెట్టుని చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా అప్పటికి గుంపెన ఆకులన్నీ రాల్చేసింది. ఢిల్లీబాబు మనిషిని పంపకుండా తనే జీవరత్నం ఇంటికి వచ్చాడు.

“సచ్చిపోనాదేటి రత్నం?”

“లేదు బాబూ. గుంపెన ఈ రోజుల్లో ఆకు రాల్చేత్తాది.”

“ఎవుర్నడిగి రాల్చింది?” అని అరిచి, తర్వాత తగ్గాడు. కారులోంచి సంచులు దింపించాడు. పెళ్ళిపందిళ్ళకి కట్టే ప్లాస్టిక్ ఆకులు. “ఇయ్యి కట్టు. రాయి మీద నీ పేరు మళ్ళీ రాయిత్తాను. ఒట్టు.”

దోర్కాస్ గుమ్మంలో నిలబడి వింటోంది. “నీ ఇష్టం మావా,” అంది. జీవరత్నం ఆమె ముఖం చూడకుండా నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

వానాకాలంలో పీకిన చోటే, ఎండలు ముదరక ముందు ప్లాస్టిక్ ఆకులు కట్టడం మొదలెట్టాడు. అతిథులు బస్సు దిగే వేళకి ఇంకా సగం కొమ్మలు మిగిలే ఉన్నాయి. సుప్రజ ముందు నడుస్తోంది. లోపల మాను లావెక్కి లావెక్కి సిమెంటు ఎప్పుడో వదులైపోయింది. అతను తీగ బిగించి లాగేసరికి, చేత్తో ముళ్ళు తీర్చిన పెద్ద సిమెంటు పనసకాయ మొదలంటా ఊడి, తిన్నగా పోయి కొత్త ఫలకం మీద పడింది. ఫలకం ముక్కలైంది. ఎవరికీ ఏమీ కాలేదు. అతిథుల్లో ఒకాయన, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని, చప్పట్లు కొట్టాడు. సుప్రజ పైకి చూసింది. ఎండలో ప్లాస్టిక్ ఆకులు తళతళలాడుతున్నాయి. ఆవిడ కెమెరాకి మూత పెట్టేసింది.

ఆ సాయంత్రానికల్లా ఢిల్లీబాబు చేతులు దులుపుకున్నాడు. “నాకేటి సమ్మందం? అది జీవరత్నం సెట్టు,” అన్నాడు విలేకరులతో. కార్యదర్శి అదే అన్నాడు. కోశాధికారి తన కొబ్బరి గెల వాటా కూడా వదులుకుని అదే అన్నాడు. తెల్లారి పేపర్లో ‘జీవరత్నం చెట్టుతో ముప్పు’ అని వచ్చింది. సంఘం వాళ్ళు రేకు బోర్డు ఒకటి ఎర్రరంగుతో రాయించి నిలబెట్టారు. పైన ‘హెచ్చరిక’, మధ్య వరసలో ఇంతింత అక్షరాలతో ‘జీవరత్నం చెట్టు’, అడుగున ‘కింద నిలబడరాదు’. బతుకంతా రాయి మీద పేరు కోసం దేవులాడినవాడికి మూరెడు అక్షరాలతో పేరొచ్చింది. అతను మాత్రం పని లేకుండా ఆ దారి వైపు వెళ్ళడం మానేశాడు. మందస బస్సెక్కినా అక్కడ కళ్ళు మూసుకునేవాడు. ఇంటికి దగ్గర స్టాపు అదే కాబట్టి తిరిగొచ్చేటప్పుడు దిగక తప్పేది కాదు, టిక్కెట్టు అడిగేటప్పుడు మాత్రం మొండిగా నేరేడు జంక్షన్ అనే అనేవాడు.

తర్వాత ఎవరూ చెట్టు జోలికి పోలేదు. సంఘానికి కొత్త పిచ్చి పట్టింది, చెరువు గట్టున ఎర్రదీపాల కొలను అట. వానలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. టైల్సు పైకి లేచాయి. మాను గుండ్రంగా బలిసి కొమ్మలు చాచింది. కాకులు చేరాయి. నిలబడరాదన్నచోట జనం నిలబడ్డారు, టీకొట్టు బల్లలు నీడలోకి జరిగాయి. బోర్డు రేకుని ఉప్పుగాలి ఊరుకోదు కదా. పైన హెచ్చరిక తుప్పు తినేసింది, అడుగువరస తినేసింది. మధ్యలో రంగు దళసరిగా పడ్డ రెండు మాటలే మిగిలాయి.

ఈ మధ్య వేసవిలో మొగుడూ పెళ్ళాలు తోట నుంచి వస్తున్నారు. దోర్కాస్ ఒళ్ళో పనసకాయ ఉంది. కొత్త కండక్టరు, కోటబొమ్మాళి వైపు మనిషి.

“నేరేడు జంక్షన్ రెండు,” అన్నాడు జీవరత్నం.

“అలాటి స్టాపు లేదు బావు. ముందా ఎనకా?”

“ఉన్నాది. కాశీబుగ్గ ముందర.”

“ఓ, జీవరత్నం సెట్టా? అలా సెప్పు మరి,” అని టిక్కెట్లు చింపాడు. “ఆ జీవరత్నం ఎవుడో మారాజు. సెట్టంటే అలా పాతాల. మండే ఎండలో ఆ నీడన బస్సు కోసం నిలబడ్డోలంతా ఆయన పేరే సెప్పుకుంటారు.”

వేసవి కాబట్టి గుంపెనకి ఆకు ఉండదు, ఆ కండక్టరు నీడ గురించి ఉత్తినే పొగుడుతున్నాడని జీవరత్నానికి తెలుసు. అయినా మెడ నిటారుగా నిలిచింది. ఇన్నాళ్ళకి ఒకడు, ముఖం ఎరగనివాడు, ఆ పేరు అంత తేలిగ్గా పలికాడు. నేనే ఆ జీవరత్నాన్ని అని చెప్పబోయి, గర్వంగా పక్కకి చూశాడు.

దోర్కాస్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. “నరికినోడి పేరెట్టినారు,” అంది, తనలో తను అనుకున్నట్టు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది అతనికి సూటిగా తగిలింది.

బస్సు జంక్షన్ దగ్గర మందగించింది. ఆకుల్లేని కొమ్మల కింద, కొమ్మల గీతల నీడలోనే, మనుషులు సర్దుకుని నిలబడి ఉన్నారు. “జీవరత్నం సెట్టూ, జీవరత్నం సెట్టూ,” అని కండక్టరు అరిచాడు.

జీవరత్నం లేచి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, అతని దగ్గరగా వంగాడు.

“జీవరత్నం కాదు బావు. ఆ సెట్టు పాతింది జాకబ్ అనీసి, మా మావ. ఉద్దానంలో కంచెకి పాతినాడు.”

“ఎవులు పాతితే ఏటిలే, దిగండి దిగండి,” అని కండక్టరు విజిలేశాడు.

దోర్కాస్ పనసకాయ మొగుడి చేతుల్లో పెట్టి, అతని భుజం పట్టుకుని దిగింది.